మంచిగా ఉంటే ఇంటికి పంపిస్తారు

మర్నాడు ఇంటికి వెళ్ళాల్సిన పిల్ల ఆ పొద్దున భోజనాల గది తలుపుకున్న అద్దాన్ని స్టీలు కంచంతో పగలగొట్టింది. ఆ చప్పుడుకి నా చేతిలో సూది జారిపోయింది. పడుతూ లేస్తూ వెళ్ళేసరికి ఆ పిల్ల గాజు పెంకుల మధ్య చెప్పులు లేకుండా నిలబడి ఉంది. ఏడుపు లేదు, అరుపు లేదు. కంచాన్ని రెండు చేతులతో గుండెకి ఆనించుకుని, వడ్డన కోసం వరుసలో నిలబడ్డట్టు ఉంది.

"పెద్దమ్మా, ఇటు రాకండి. కాలికి గుచ్చుకుంటాయి," అంది నాతో.

పగలగొట్టిందీ తనే, నా కాళ్ళ గురించి బెంగ పెట్టుకున్నదీ తనే. ఇన్నేళ్ళలో తిట్టేవాళ్ళని చూశాను, కొరికేవాళ్ళని చూశాను. మర్యాదగా పగలగొట్టేదాన్ని మాత్రం ఈ పిల్లనే చూశాను. అదీ మూడోసారి.

మాది పిల్లల్ని ఉంచుకుని మనసు కుదుటపరిచే ఇల్లు. పన్నెండు దాటి పద్దెనిమిది నిండని పిల్లలుంటారు. ఒకడు కనిపించిన వాళ్ళ మీదల్లా కుర్చీ విసురుతాడు. ఇంకొకతె తన చేతిని తనే కోసుకుంటుంది. మరొకడు నెలల తరబడి నోరు విప్పడు. కొందరిని ఆసుపత్రి పంపుతుంది, కొందరిని కోర్టు పంపుతుంది, కొందరిని చేతులెత్తేసిన కన్నవాళ్ళే తెచ్చి అప్పగిస్తారు. తిండీ బడీ పడకా అన్నీ ఇక్కడే. నాది కుట్టు గది. పిల్లల పైజామాల్లోంచి బొందులు లాగేసి ఎలాస్టిక్ వేయడం నా మొదటి పని. బొందు ఎందుకు ఉండకూడదో చేరిన రోజున ఎవరూ చెప్పలేదు. తెలిశాక రెండు పూటలు అన్నం సయించలేదు. కర్టెన్ల కడ్డీలు సైతం కాస్త బరువు పడితే ఊడి వచ్చేట్టు బిగిస్తారు. స్నానాల గదుల్లో గాజు ఉండదు, మెరుగు పెట్టిన స్టీలు రేకు ఉంటుంది. అందులో నా మొహం వంకరగా కనిపిస్తుంది. నా మొహం వంకర కాదు కాబట్టి తప్పు రేకుదే.

ఇక్కడ డాక్టరమ్మ మందులు రాస్తుంది. కౌన్సెలరు మాట్లాడిస్తాడు. వార్డెన్లు కాపలా కాస్తారు. మరి కేసు మేనేజరు అనే ఆవిడ ఏం చేస్తుందని మా వీధిలో వాళ్ళు నన్ను అడుగుతుంటారు. వీళ్ళందరూ ముక్కలు, ఆవిడ దారం అని చెబుతాను. ఈ పిల్ల తల్లితో మాట్లాడాలి, ఆ పిల్లాడి బడికి వెళ్ళి హెడ్మాస్టరుని బతిమాలాలి, కోర్టుకి జవాబు రాయాలి, మందు మారిస్తే ఎందుకు మార్చారో ఇంట్లోవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలి. అన్నిటికీ మించి, లోపలికి వచ్చిన ప్రతి పిల్లకీ బయటికి వెళ్ళే దారి వెతకాలి. ఆ దారి ఎవరింటికి, ఆ ఇంట్లో ఎవరున్నారు, వాళ్ళు ఈ పిల్లని ఎలా చూసుకుంటారు, అన్నీ ఆవిడ నెత్తినే.

నేను చెప్పబోయేది ఆవిడ గురించే. పిల్లలు ఆవిడకి "చూద్దాం మేడం" అని పేరు పెట్టారు. ఎందుకంటే ఆవిడ నోట ఏనాడూ "తప్పకుండా" అన్న మాట రాదు. ఆదివారం అమ్మ వస్తుందా అంటే చూద్దాం. సినిమా వేస్తారా అంటే చూద్దాం. మాట ఇచ్చి తప్పినవాళ్ళని చూసి చూసి వచ్చిన పిల్లలు వీళ్ళు, వీళ్ళకి ఇంకో అబద్ధం నేను చెప్పనంటుంది. నలభై ఏళ్ళ మనిషి, బక్కపలచన. గొంతు పెంచదు. పిల్ల నేల మీద కూర్చుంటే తనూ నేల మీదే కూర్చుంటుంది. పిల్లల గది తలుపు తట్టి "రావచ్చా" అని అడిగి, "వద్దు" అంటే నిజంగానే వెనక్కి వెళ్ళిపోతుంది. పూర్వం పళ్ళ డాక్టరు దగ్గర చీట్లు రాసేదట. నోరు తెరవడానికి భయపడే పిల్లలతో మాట్లాడడం అక్కడే అలవాటైందట. తర్వాత ఇక్కడ వార్డెనుగా చేరి, పనిచేస్తూనే చదివి, ఒకసారి తప్పి, మళ్ళీ రాసి పాసై ఈ కుర్చీలోకి వచ్చింది. మొగుడు లిఫ్టులు బాగుచేస్తాడు. "మా ఇద్దరిదీ ఒకటే ఉద్యోగం పెద్దమ్మా. మధ్యలో ఇరుక్కున్నవాళ్ళని బయటికి తీయడం. కాకపోతే నావాళ్ళు బయటికొచ్చాక థాంక్స్ చెప్తారు," అంటాడు.

భోజనాల గది గోడకి ఒక బోర్డు ఉంది. దాని మీద మెట్లు, మెట్ల చివర ఎర్ర కప్పున్న ఇల్లు. ఆవిడ వార్డెనుగా ఉన్నప్పుడు తన చేత్తో వేసిన బొమ్మ అది. పిల్ల గొడవ పడకుండా, దేన్నీ విరగ్గొట్టకుండా, మందులు వేసుకుంటూ ఉంటే ఒక్కో మెట్టు పైకి జరుపుతారు. పై మెట్టు ఎక్కితే ఇంటికి. అరిచే పిల్లలు ఆ ఇంటి బొమ్మని చూసి నోరు మూసుకోవడం నేను కళ్ళారా చూశాను. మంచిగా ఉంటే ఇంటికి పంపిస్తారు. మా ఇంట్లో వంటావిడ దగ్గర్నించి డైరెక్టరు గారి దాకా అందరూ చెప్పే మాట అదే.

ఈ అద్దం పగలగొట్టిన పిల్ల ఆ మెట్లు ఎక్కినంత సునాయాసంగా ఇంకెవరూ ఎక్కలేదు. పద్నాలుగేళ్ళది. దుప్పటి మడత పెడితే ఇస్త్రీ చేసినట్టుండేది. అందుకే మేం బుద్ధిమంతురాలు అని పిలిచేవాళ్ళం. రోడ్డు దాటుతుంటే అక్క లారీ కింద పడి పోయింది. ఆ తర్వాత ఈ పిల్ల మాటలు మానేసి, ఇంట్లో ఉన్న అద్దాలన్నీ పగలగొట్టి, జుట్టు కత్తిరించుకుంటే ఆసుపత్రివాళ్ళు మా దగ్గరికి పంపారు. అక్క మీద బెంగ అని రాశారు. మేమూ అదే అనుకున్నాం. తండ్రి లేడు, మేనత్త ఒకావిడ ఉందని కాగితాల్లో ఉంది. తల్లి మందుల షాపులో పనిచేస్తుంది. ఆదివారం వచ్చిందంటే వాచ్‌మన్‌కి కూడా నమస్కారం పెట్టి లోపలికి వచ్చేది. "బంగారం, తిన్నావా? బంగారం, చిక్కిపోయావే," అంటూ పిల్ల తల నిమిరేది. వచ్చినప్పుడల్లా కొత్త గౌను తెచ్చేది. అది పిల్లకి వదులైతే నేను పక్కలు కుట్టి ఇచ్చేదాన్ని. పెరిగే పిల్ల కదా అని కాస్త పెద్దది కొంటోందనుకున్నాను. ఇలాంటి తల్లి అందరికీ ఉంటే మన ఉద్యోగాలు ఊడతాయని వార్డెన్లు అనుకునేవాళ్ళు.

అలాంటి పిల్ల పై మెట్టు ఎక్కడం, వెళ్ళే రోజు ఖాయం చేయడం, ముందు రోజు ఏదో ఒకటి పగలగొట్టడం. మొదట గోడ గడియారం. తర్వాత మంటలార్పే సిలిండరు పెట్టిన పెట్టె అద్దం. ఇప్పుడు తలుపు. పగలగొట్టగానే కింది మెట్టుకి దించేవాళ్ళం. మర్నాటి నుంచి మళ్ళీ బుద్ధిగా ఎక్కడం మొదలుపెట్టేది.

పెంకులు ఊడ్చాక హెడ్ వార్డెను కుట్టు గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చూద్దాం మేడం అక్కడే ఉంది, పిల్ల కాలికి తగిలిన చిన్న గాయానికి కట్టు కట్టి వచ్చి కూర్చుంది.

"ఇంక చాలు మేడం. శుక్రవారం మీటింగులో నేను చెప్పేస్తాను. ఈ పిల్లని పెద్దాసుపత్రి తాళాల వార్డుకి పంపాల్సిందే. మొహం చూస్తే దేవత, చేతులు చూస్తే రాక్షసి. రేపు ఎవరి కంట్లోనైనా గాజు గుచ్చుకుంటే నేను చెప్పుకోలేను," అంది.

"తాళాల వార్డుకి వెళ్తే మళ్ళీ ఎప్పటికి బయటికొస్తుంది?" అన్నాను.

"నువ్వు కుట్టుకో పెద్దమ్మా. ఇది గుడ్డ కాదు."

"గుడ్డయితే ఎక్కడ చిరిగిందో చూసి కుడతాను. నీలాగా పారేయమనను."

హెడ్ వార్డెను నా వైపు గుర్రుగా చూసి వెళ్ళిపోయింది. మేడం తలుపు వైపే చూస్తూ, "పెద్దమ్మా, కిందపడిన పిల్లలు ఏడుస్తారు. మెట్టు దించినప్పుడు ఈ పిల్ల ఎప్పుడైనా ఏడ్చిందా?" అంది.

నేను ఆలోచించాను. లేదు. అందరూ గుండెలు బాదుకునే చోట ఈ పిల్ల ఆ పూట కడుపునిండా తినేది.

"రేపు వాళ్ళింటికి వెళ్ళాలి. ఇద్దరం వెళ్ళాలని రూలు. కౌన్సెలరు రేపటిదాకా సెలవులో ఉన్నాడు. నువ్వు వస్తావా?" అంది.

ఇంటికి వెళ్ళి చూసి రావాలన్న రూలు ముందు నుంచీ ఉంది. ఈ తల్లి విషయంలో ఆ రూలు హాల్లో సోఫా దాకా వెళ్ళి, టీ తాగి తిరిగొచ్చింది. అంత మంచి తల్లి ఇంట్లో లోపలి గదులు కూడా చూస్తామనడం మర్యాద కాదనుకున్నారు.

వాళ్ళ ఇల్లు టైర్ల కొట్టు మీద మూడో అంతస్తు. తలుపు తీసిన తల్లి మమ్మల్ని చూసి నిజంగా సంతోషించింది. నేల అద్దంలా ఉంది. గోడకి మాత్రం అద్దం లేదు, మేకు ఒక్కటే ఉంది. మేడం చెప్పులు విడిచి, మామూలు గొంతుతో, "అమ్మాయి గది ఒకసారి చూడచ్చా అండీ?" అంది.

"అయ్యో, దాందేముంది, రండి. అన్నీ సిద్ధంగా ఉంచాను," అంటూ ముందు నడిచింది.

ఒకే మంచం. దాని మీద ఉతికిన దుప్పటి. బల్ల మీద పదో తరగతి పుస్తకాలు వరసగా పేర్చి ఉన్నాయి. మా పిల్ల చదివేది ఎనిమిది. బీరువా తెరిచి బట్టలు చూపించింది. నేను ఆదివారం ఆదివారం పక్కలు కుడుతున్న కొలతే అన్నీ. గోడ మీద ఫోటోలు. రెండు జడల పిల్ల, బుగ్గన సొట్ట. బడిలో, పార్కులో, బహుమతి పట్టుకుని. ఏ ఫోటో చూసినా ఆ ఒక్క పిల్లే. మా పిల్లకి బుగ్గన సొట్ట లేదు.

నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. పోయిన కూతురి గది అలాగే ఉంచుకుంది, ఏ తల్లయినా ఉంచుకుంటుంది అని.

మేడం మంచం అంచు ముట్టుకోకుండా పక్కన నిలబడి, "మరి చిన్నమ్మాయి ఎక్కడ పడుకుంటుందండీ?" అని అడిగింది.

తల్లి ఆవిడ వైపు జాలిగా చూసింది. పాపం, మర్చిపోయినట్టున్నారు అన్నట్టు.

"చిన్నది పోయింది కదండీ. మీ కాగితాల్లో రాసే ఉంటుంది. బడి నుంచి వస్తూ రోడ్డు దాటుతుంటే. పెద్దదాని చెయ్యి పట్టుకోమని రోజూ చెప్పేదాన్ని."

ఆవిడ ఇచ్చిన మంచినీళ్ళ గ్లాసు నా చేతిలోనే ఉండిపోయింది. కింద టైర్ల కొట్టులో ఎవరో సుత్తితో కొడుతున్నారు, అది నా నెత్తి మీద కొడుతున్నట్టుంది. మా దగ్గర కంచం పట్టుకుని నిలబడి, నా కాళ్ళకి గుచ్చుకుంటాయన్న పిల్ల ఈ ఇంట్లో చచ్చిపోయి ఏడాది దాటింది.

మేడం మొహంలో ఒక్క గీత కదలలేదు. ఆ నిబ్బరం ఎక్కడ నేర్చుకుందో నాకు తెలియదు. "అవునా అండీ. మీకు చాలా కష్టంగా ఉండి ఉంటుంది," అంది నెమ్మదిగా.

"నాకేం కష్టం, పెద్దది ఉందిగా. అది ఉండబట్టే నేను నాలుగు మెతుకులు తింటున్నాను. వచ్చే నెలకి పదిహేడు నిండుతాయి దానికి. ఈసారైనా పంపిస్తారా?"

"దాని గురించే శుక్రవారం కూర్చుందామండీ. మీరూ రండి. అమ్మాయి మేనత్తని కూడా పిలవమంటారా?"

తల్లి చిరునవ్వు మొదటిసారి చెదిరింది. "ఆవిడ ఎందుకు? చిన్నది పోయిన రోజున వచ్చి, ఉన్న పిల్లని చూసుకో వదినా అంది. ఉన్న పిల్లనే కదా నేను చూసుకుంటున్నది. అర్థం లేని మనిషి. గుమ్మం తొక్కొద్దని చెప్పాను."

మెట్లు దిగాక మేడం టైర్ల కొట్టు అరుగు మీద కూలబడింది. కొట్టువాడు "కుర్చీ వేయమంటారా అమ్మా" అంటే వినిపించుకోలేదు.

"పెద్దమ్మా, ఆ తల్లికి జబ్బు. ఆవిడకి ఎదురుగా ఉన్నది కనిపించలేదు. నాకేం జబ్బు?" అంది. "మంచిగా ఉంటే ఇక్కడికి పంపిస్తానని వారం వారం ఆ పిల్లకి చెప్పింది నేను. చివర ఇల్లు బొమ్మ వేసి మరీ చెప్పాను. పిల్ల పగలగొట్టి పగలగొట్టి నాకు జవాబు చెబుతుంటే మెట్టు దించాను."

నేనూ ఆవిడ పక్కన అరుగు మీద కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నం పిల్ల నా గదిలో బొత్తాలు రంగుల వారీగా ఏరుతుంటే మేడం వచ్చి నేల మీద కూర్చుంది. నేను లేవబోతే పిల్ల నా కొంగు పట్టుకుంది. ఉండమన్నట్టే కదా, ఉండిపోయాను.

"మీ ఇంటికి వెళ్ళొచ్చాను. గది చూశాను," అంది మేడం.

పిల్ల చెయ్యి ఆగింది.

"నిన్ను అక్కడికి పంపడం లేదు. నువ్వు మంచిగా ఉన్నా పంపను, గొడవ చేసినా పంపను. ఇంక ఏమీ పగలగొట్టక్కర్లేదు."

ఈ మాటకి పిల్ల ఘొల్లుమంటుందనుకున్నాను, మేడం మెడ కావలించుకుంటుందనుకున్నాను. పిల్ల ఒక ఎర్ర బొత్తాన్ని ఎర్రవాటిలో వేసి, "మరి అమ్మకి అన్నం ఎవరు పెడతారు?" అంది.

"అమ్మ తినదా?"

"నేను అక్కలా ఉంటేనే తింటుంది. అక్క పోయాక అమ్మ ఏమీ ముట్టలేదు. ఒకరోజు నన్ను అక్క పేరు పెట్టి పిలిచింది. పలికాను. లేచి తింది. ఒక్కపూటే కదా అనుకున్నాను." బొత్తాలు ఏరుతూనే చెబుతోంది, బడిలో టైమ్‌టేబుల్ చదివినట్టు. "తర్వాత రోజూ పిలిచింది. అక్క గౌన్లు వేసుకోమంది. అక్క పుస్తకాలు చదవమంది. నాకు ఆ లెక్కలు రావు. నేను చిన్నదాన్నమ్మా అని ఒకసారి చెప్పాను. చిన్నది చచ్చిపోయిందిగా బంగారం అంది."

"ఎవరికైనా చెప్పావా?"

"చెప్తే అమ్మని పిచ్చిదని పట్టుకుపోతారు కదా."

"అద్దాలు ఎందుకమ్మా?" అన్నాను నేను, ఆపుకోలేక.

పిల్ల నా వైపు తిరిగింది. "చూసుకుంటే నేనే కనిపించేదాన్ని పెద్దమ్మా. నేను చచ్చిపోయానుగా."

ఈ వయసు దాకా నేను చావులు చూశాను, కాటికి నడిచాను, కట్టుకున్నవాణ్ణి సాగనంపాను. అంత చిన్న గొంతు అంత మాట మామూలుగా చెప్పడం మాత్రం ఎన్నడూ వినలేదు. మేడం పిల్ల వైపు జరిగి, "అమ్మకి అన్నం పెట్టే పని ఇవాళ్టి నుంచి నాది, డాక్టరమ్మది. నీది కాదు," అంది. ఈసారి చూద్దాం అనలేదు.

"అమ్మని తాళం వేసి పెడతారా?"

"అమ్మని అడిగే చేస్తాం. నీకు తెలియకుండా ఏమీ జరగదు. శుక్రవారం నీకు ఇష్టమైతేనే లోపలికి రా."

గురువారం సాయంత్రం ఆవిడ మొగుడు నాకు ఫోన్ చేశాడు. "పెద్దమ్మా, కూరలో ఉప్పు లేదు, అడిగితే జవాబు లేదు. లోపల విషయాలు నాకు చెప్పదు, చెప్పమని నేను అడగను. ఎవరైనా గట్టిగా ఇరుక్కున్నారా?"

"ఇరుక్కుంది మీ ఆవిడే. కూర మెచ్చుకుని తినెయ్యి నాయనా," అన్నాను.

శుక్రవారం మీటింగులో నేనూ కూర్చోవాల్సి వచ్చింది. ఇంటికి వెళ్ళిన ఇద్దరూ చూసింది చూసినట్టు చెప్పాలట. చెప్పాను. గది, ఫోటోలు, తల్లి అన్న మాట. డైరెక్టరు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి మళ్ళీ పెట్టుకోలేదు. హెడ్ వార్డెను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆదివారం ఆదివారం ఆ తల్లి కోసం కుర్చీ తుడిచి వేసింది ఆవిడే.

"తప్పు పిల్లది కాదండీ, ఆ బోర్డుది. బోర్డు నాది," అంది మేడం. "అందరికీ ఇల్లు బహుమతే అనుకున్నాను. ఏ ఇంటికి పంపుతున్నామో తలుపు తీసి చూడకుండా ఇన్నాళ్ళూ మెట్లు ఎక్కించాను. ఈ పిల్ల తాళాల వార్డుకి వెళ్ళకూడదు. మేనత్త తీసుకెళ్తానంటోంది. వాళ్ళ ఇల్లు నిన్న నేనూ కౌన్సెలరూ ప్రతి గదీ తిరిగి చూసొచ్చాం."

తర్వాత తల్లిని పిలిచారు. వెనకే మేనత్త వచ్చింది. లావుపాటి మనిషి, బస్సుల్లో టికెట్లు కొట్టే ఉద్యోగం, ఆ గొంతు గుసగుసలాడినా వీధి చివరికి వినిపిస్తుంది. పిల్ల తలుపు దగ్గరే గోడకి ఆనుకుని నిలబడింది.

డాక్టరమ్మ మెత్తగా ఏదో చెప్పబోతుంటే తల్లి వినలేదు. "నా బంగారాన్ని పంపించండమ్మా, చాలు," అంది.

మేనత్త ఆగలేకపోయింది. "వదినా, అక్కడ నిలబడ్డది ఎవరు? కళ్ళు పెట్టుకుని చూడు."

"గట్టిగా వద్దండీ," అంది మేడం, ఆవిడ చెయ్యి పట్టుకుని.

అప్పుడు పిల్ల గోడ వదిలి నడిచి వచ్చింది. ఎవరూ రమ్మనలేదు. తల్లి మోకాళ్ళ దగ్గర నిలబడి, "అమ్మా, నేను చిన్నదాన్ని," అంది.

తల్లి ఆ మొహం కేసి చూసింది. చెయ్యి చాచి బుగ్గ తడిమింది. వేలితో ఒక్క చోటే, సొట్ట ఉండాల్సిన చోట, మళ్ళీ మళ్ళీ తడిమింది.

"ఇన్నాళ్ళూ ఎక్కడున్నావే?" అంది.

"ఇక్కడే ఉన్నానమ్మా."

నా కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. గండం గడిచిందనుకున్నాను. ఆ గదిలో అందరం అలాగే అనుకున్నాం. తల్లి పిల్ల తల మీద నుంచి మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చి, "మరి పెద్దది ఎక్కడ?" అంది.

ఆ ప్రశ్న వస్తుందని మాలో ఒక్కరికీ తట్టలేదు. చదువుకున్నవాళ్ళకి లేదు, నాకూ లేదు. ఒకరు దొరికితే ఇంకొకరు పోవాలి కదా. డైరెక్టరు గారు కిటికీ వైపు తిరిగారు. అంత గొంతున్న మేనత్త కొంగు నోట్లో కుక్కుకుంది. పిల్ల నోరు తెరవబోయింది. తల్లికి ఆ మాట చెప్పే పని కూడా దాని నెత్తినే పడబోయింది.

మేడం పిల్ల భుజం మీద చెయ్యి వేసి పక్కకి జరిపి, తల్లి ముందు నేల మీద కూర్చుని, ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. "పెద్దమ్మాయి పోయిందమ్మా. ఆ రోజు రోడ్డు మీద పోయింది పెద్దమ్మాయి," అని చెప్పింది. తిప్పి చెప్పలేదు, తగ్గించి చెప్పలేదు.

ఆ తల్లి పెట్టిన కేక నేను రాయలేను. ఏడాదిన్నర కిందట పెట్టాల్సిన కేక అది. పిల్ల పరుగెత్తుకొచ్చి తల్లిని పట్టుకోబోతే ఈసారి మేనత్తే దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. "నువ్వు కాదు. వాళ్ళు పట్టుకుంటారు. నువ్వు నన్ను పట్టుకో," అంది.

తల్లి తన ఇష్టంతోనే ఆసుపత్రిలో చేరింది. ఒక్క మాటతో నయమయ్యే జబ్బు కాదని డాక్టరమ్మ ముందే చెప్పింది. అలాగే అయింది. కొన్ని రోజులు చిన్నదాన్ని అడుగుతుంది, కొన్ని రోజులు పెద్దదాన్నే అడుగుతుంది. పెద్దదాన్ని అడిగిన రోజున పిల్లని ఎదురుగా తీసుకెళ్ళరు. తల్లి తిన్నదా లేదా అన్న కబురు మాత్రం మేడం సాయంత్రం పూట పిల్లకి ఫోన్ చేసి చెబుతుంది. తినకపోతే తినలేదనే చెబుతుంది.

బోర్డు మీద ఎర్ర కప్పు ఇంటికి మేడం తెల్ల రంగు వేసేసింది. ఇప్పుడు పై మెట్టు మీద ఏమీ లేదు. ఎవరికి ఏం కావాలో వాళ్ళనే గీసుకోమంటుంది. ఒకడు కుక్కని గీశాడు. హెడ్ వార్డెను ఇదేం చోద్యమంది కానీ, ఇంటి తనిఖీకి వెళ్ళే రోజున తనే ముందు చెప్పులేసుకుంటోంది.

పిల్ల మేనత్తతో వెళ్ళిన రోజున మేడం, నేను బస్టాపు దాకా వెళ్ళాం. బస్సు వచ్చింది. కండక్టరు ఉద్యోగం కదా, మేనత్త ముందెక్కి సీటు పట్టి కిటికీ పక్కన కూలబడింది. పిల్ల సంచి పట్టుకుని నిలబడి, "అత్తా, కిటికీ నాకు," అంది.

"నాకు గాలి ఆడదే. ఇటు కూర్చో."

"రోజూ బస్సుల్లోనే ఉంటావుగా. జరుగు."

"ఓసి నీ తెలివి తగలెయ్య. పెద్దంతరం చిన్నంతరం లేదా? నిన్ను బుద్ధిమంతురాలన్నారే అక్కడ."

"జరుగత్తా."

బస్సు కదిలేదాకా ఇద్దరూ దెబ్బలాడుకుంటూనే ఉన్నారు. ఆ పిల్ల తన కోసం ఇది కావాలని అడగడం మా దగ్గర ఉన్నన్నాళ్ళూ నేను వినలేదు. మలుపు దగ్గర చూస్తే, మేనత్త లావుపాటి భుజం ఇవతలికి జరిగి ఉంది, కిటికీలోంచి పొట్టి జుట్టు తల ఒకటి బయటికి కనిపిస్తోంది.

"తల లోపల పెట్టు" అని నేను అరిచాను. మేడం నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. ఫోన్ మోగుతోంది. కొత్త పిల్లవాణ్ణి తీసుకొచ్చారట, గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి కొరికాడట. ఇద్దరం గబగబా వెనక్కి నడిచాం.